మాకంటే ముందే ఆ ఇంట్లో ఫ్లీలు దిగాయి

ఫ్లీలంటే కుక్కలు, పిల్లులు, ఎలుకల ఒంటి మీద రక్తం తాగి బతికే, గెంతే చిన్న పురుగులు. విశాఖలో పెదవాల్తేరు వైపు మేం అద్దెకు దిగిన ఇల్లు అప్పటికి కొన్ని నెలలుగా తాళం వేసి ఉంది. పాత డాబా. కడప బండల నేల, వెనక చిన్న పెరడు, పెరట్లో ఓ మూల రేకుల గది. అంతకుముందు ఉన్నవాళ్లకు పిల్లులుండేవి. వాళ్లు ఖాళీ చేశాక రేకుల గదిలో ఎలుకలు చేరాయి. మేం వస్తున్నామని ఓనర్ గారు అందులో ఎలుకల మందు పెట్టించారు. అప్పట్లో ఇవేవీ పట్టించుకోవాల్సిన సంగతులుగా మాకు అనిపించలేదు. తర్వాత పశువుల డాక్టరూ, మావారి జ్వరం చూసిన డాక్టరూ వేర్వేరుగా మమ్మల్ని అడిగినవి సరిగ్గా ఇవే.

సామాను దించిన రోజు సాయంత్రం నుంచే కాళ్లు దురద. దోమలనుకున్నాం. కానీ దోమ కుట్టిన దద్దురు ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. ఇవి చీలమండల చుట్టూ, పిక్కల మీద, మూడు నాలుగు పక్కపక్కనే. మోకాలు దాటి పైకి ఒక్కటీ లేదు. మా అత్తయ్య నల్లులని తేల్చేసి మంచాలు, దిళ్లు అన్నీ ఎండలో వేయించింది. ఒక్క నల్లి కనిపించలేదు. మా రెండో తరగతి వాడు మాత్రం గోకి గోకి రెండు చోట్ల పుండ్లు చేసుకున్నాడు.

మా జిమ్మీ వీధి కుక్కల జాతే, ఏడేళ్లు మాతోనే ఉంది. కొత్త ఇల్లు కదా, బెంగ పెట్టుకుందేమో అనుకున్నాం. అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి తోక మొదట్లో పళ్లతో కొరుక్కునేది. వారం తిరిగేసరికి అక్కడ జుట్టు రాలిపోయి చర్మం ఎర్రగా, తడితడిగా తయారైంది. ఇది చాలదన్నట్టు రేకుల గది వెనక ఓ పిల్లిపిల్ల దొరికింది. తల్లి జాడ లేదు. మావాడు దాన్ని ఎత్తుకొచ్చి ‘పొట్టి’ అని పేరు కూడా పెట్టేశాడు. ఇక వదిలేదేముంది?

పొట్టిని ఒళ్లో పెట్టుకుని పాలు పట్టిస్తుంటే పొట్ట కింద పలచటి జుట్టులో గోధుమ రంగు పురుగు ఒకటి కదిలింది. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఉండదు, పక్కలు నొక్కేసినట్టు సన్నగా ఉంది. వేలు పెట్టేలోపు గెంతి మాయమైంది. పిడుదులైతే నాకు బాగా తెలుసు, జిమ్మీ చెవుల్లోంచి ఎన్ని తీశానో. పిడుదు గెంతదు, పట్టిన చోటే ఉబ్బుతుంది. ఇది అది కాదు.

వెట్ (పశువుల డాక్టరు) దగ్గరికి ఇద్దర్నీ తీసుకెళ్లాం. ఆవిడ పొట్టి జుట్టులోంచి నల్లటి నలుసులు కొన్ని తెల్లటి దూది మీదికి దులిపి, రెండు చుక్కల నీళ్లు వేశారు. “ఒక్క నిమిషం చూడండమ్మా” అన్నారు. ఒక్కో నలుసు చుట్టూ తుప్పు రంగు మరక మెల్లగా పాకింది. మట్టి అయితే అలా పాకదు. అది ఫ్లీ విసర్జించిన మలం, అంటే అరిగీ అరగని రక్తమే. పురుగు కంటపడకపోయినా ఈ ఎర్ర మరక కనబడితే అది ఉన్నట్టే. తర్వాత పొట్టి పెదవి పైకెత్తి చిగుళ్లు చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సినవి పాలిపోయి తెల్లగా ఉన్నాయి. పెద్ద కుక్కకి ఫ్లీలు దురదే కానీ, అరకిలో కూడా లేని పిల్లకి అవి ప్రాణం మీదికి తెస్తాయి. రోజూ తాగుతూ పోతే ఒంట్లో ఉన్న రక్తమే ఎంత! ఇంకాస్త ఆలస్యమైతే రక్తం ఎక్కించాల్సి వచ్చేదన్నారు.

జిమ్మీది వేరే కథ. దాని ఒంటి మీద వెతికితే దొరికిన ఫ్లీలు తక్కువే. దానికి ఫ్లీ లాలాజలం పడదు, అలర్జీ. అలాంటి కుక్కకి వందలు అక్కర్లేదు, ఒకటో రెండో కుట్టినా చాలు, రోజుల తరబడి దురద పోదు. తోక మొదలు, నడుం, తొడల వెనక జుట్టు ఊడిందంటే వెట్‌లు ముందు దీన్నే అనుమానిస్తారట.

పొట్టి పడుకున్న గుడ్డ మీద బియ్యపు నూకల్లాంటివి కనిపిస్తున్నాయని చెప్పాను. అవి బద్దెపురుగు తునకలు. ఆ పురుగు గుడ్లను ఫ్లీ లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చే పిల్లపురుగు, తింటుంది. ఆ లార్వా ఫ్లీగా ఎదిగాక, ఒళ్లు నాక్కునేటప్పుడు పిల్లో కుక్కో దాన్ని మింగితే పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. నట్టల మందులన్నీ దీని మీద పనిచేయవు, ప్రాజిక్వాంటెల్ ఉన్నది వేయాలి. వేసినా ఫ్లీలు పోకపోతే మళ్లీ వస్తుంది. పిల్లలు నేల మీద ఆడుతూ ఫ్లీని మింగితే వాళ్లకీ రావచ్చు. అలా జరగడం అరుదేనని ఆవిడ అన్నా, నేను మాత్రం మావాడి చేతులు సబ్బుతో కడిగించడమే పనిగా పెట్టుకున్నాను.

మందుల దగ్గర ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. జిమ్మీకి నెలకోసారి నమిలి మింగే మాత్ర రాశారు. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అని ముందే అడిగి, రాలేదన్నాకే రాశారు. పొట్టికి ఆ వయసులో మెడ మీద చుక్కల మందు కూడా వద్దన్నారు. బరువు పెరిగాక, పిల్లుల కోసమే చేసినది వేద్దామన్నారు. అయితే ఆ దారిలోనే ఓ పెట్ షాపు అతను “ఇది వేసేయండి మేడమ్, కుక్కకీ పిల్లికీ ఒకటే, డోసు సగం చేస్తే సరి” అని కుక్కల చుక్కల మందు చేతిలో పెట్టాడు. అట్ట తిప్పి చూస్తే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పేరు ఉంది. వెట్‌కి ఫోన్ చేశాను. ఆవిడ గొంతే మారిపోయింది. పిల్లి కాలేయం పెర్మెత్రిన్‌ని తట్టుకోలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు కూడా. సగం డోసు అనే మాటే లేదు. కుక్కకి వేసినా, పిల్లి దాని పక్కన పడుకుంటే ప్రమాదమే. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఫ్లీ కన్నా భయపెట్టింది ఆ షాపతని ధైర్యం.

ఇంట్లో వాడే వాటిలోనూ పిల్లికి పడనివి ఉన్నాయి. మనం రోజూ నేల తుడిచే ఫినాయిల్ ఒకటి, కర్పూరం ఒకటి. అత్తయ్య అప్పటికే కర్పూరం పొడి, వేపనూనె కలిపి పొట్టికి రాయడానికి సిద్ధంగా ఉంది. పిల్లి రాసినదంతా నాకేస్తుందని చెబితే కాస్త అలిగి, ఆ నూనె తన మోకాళ్లకి రాసుకుంది.

మరి పొట్టికి ఏం చేశామంటే, పేలదువ్వెన. మా చిన్నప్పుడు అమ్మమ్మ తల దువ్విన అలాంటిదే కొని తెచ్చాను. గోరువెచ్చని నీళ్లలో ముందు మెడ చుట్టూ సబ్బు నురగ పట్టీలా వేయాలి, లేకపోతే నీళ్లు తగలగానే ఫ్లీలన్నీ ముఖం మీదికి, చెవుల్లోకి పరుగు తీస్తాయి. స్నానం చేయించి, తుడిచి, వెచ్చగా ఉంచి, పొద్దునా సాయంత్రం దువ్వేదాన్ని. దువ్వెన పళ్ల మధ్య చిక్కినదాన్ని వెంటనే సబ్బు నీళ్ల గిన్నెలో ముంచాలి. మామూలు నీళ్లయితే తేలి గెంతేస్తాయి, సబ్బు కలిస్తే మునుగుతాయి. గోళ్లతో చిదమొద్దు. మొదట్లో గిన్నె అడుగు నల్లబడేది. రక్తం పట్టడానికి టానిక్ ఇచ్చారు. కొద్ది రోజులకి చిగుళ్లకు రంగు తిరిగింది.

అంతా బాగానే ఉంది, కానీ మా కాళ్లు కుట్టడం ఆగలేదు. జిమ్మీకి మాత్ర వేశాం, పొట్టిని దువ్వుతున్నాం, ఇంకా ఎక్కడివి? వెట్ చెప్పిన లెక్క అప్పుడు అర్థమైంది. ఒక ఇంట్లో ఉన్న మొత్తం ఫ్లీల్లో జంతువు ఒంటి మీద కనిపించేవి 5 శాతమే అనుకోవచ్చు. మిగతా 95 శాతం గుడ్లు, లార్వాలు, ప్యూపాలుగా ఇంట్లోనే ఉంటాయి. ఆడ ఫ్లీ రోజుకి 40, 50 దాకా గుడ్లు పెడుతుంది. వాటికి జిగురు ఉండదు, కుక్క తిరిగిన చోటల్లా రాలిపోతాయి. లార్వాకి వెలుతురు పడదు. బండల మధ్య సందుల్లోకి, పట్టాల అడుగుకి, సోఫా కిందికి దూరి, పైనుంచి రాలే ఆ రక్తపు మలాన్నే తిని పెరుగుతుంది. తర్వాత గూడు కట్టుకుని ప్యూపా అవుతుంది. అసలు సమస్య ఆ ప్యూపానే. ఏ మందూ దానిలోకి దూరదు. పైగా నెలల తరబడి కదలకుండా ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, మనం వదిలే ఊపిరి తగిలాకే బయటికొస్తుంది. తాళం వేసిన ఇంట్లో మేం అడుగుపెట్టిన సాయంత్రమే కాళ్లు కుట్టడం మొదలవడానికి కారణం అదే. జిమ్మీ తెచ్చిపెట్టిందని పాపం దాన్ని ఎంత తిట్టామో!

ఎక్కడ ఎక్కువున్నాయో తెలుసుకోవడానికి ఆవిడ ఒక ఉపాయం చెప్పారు. పొడుగాటి తెల్ల సాక్సులు మావారు మోకాళ్ల దాకా లాక్కుని గది గదికీ తిరిగారు. హాల్లో తిరిగొస్తే రెండు చుక్కలు. దేవుడి గదిలో ఏమీ లేదు. రేకుల గదిలో కొద్దిసేపు నిలబడి బయటికొచ్చాక చూస్తే తెల్ల సాక్సు మీద గోధుమ రంగు చుక్కలు పైకి పాకుతున్నాయి. లెక్కపెట్టే ఓపిక కూడా లేక సాక్సులు అక్కడే విప్పి బకెట్లో ముంచేశారు.

ఆ రేకుల గది శుభ్రం చేసింది కూడా ఆయనే. పాత గోనెలు, అట్టపెట్టెలు, వాటి వెనక మందు తిని చచ్చి ఎండిన ఎలుకలు. చేతులకు తొడుగులు వేసుకున్నారు కానీ కాళ్లకి మామూలు చెప్పులే. ఆ పని అయిన రెండు వారాల్లోపే జ్వరం పట్టుకుంది. 103 దాకా పోయేది, తల పగిలిపోయేంత నొప్పి, ఒళ్లంతా నొప్పులు. డెంగ్యూ పరీక్ష చేశారు, లేదన్నారు. మలేరియా లేదు. నాలుగైదు రోజులకి ఛాతీ మీద, పొట్ట మీద సన్నటి ఎర్రటి మచ్చలు లేచాయి.

ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే, రిపోర్టులు పక్కన పెట్టి ముందు ఇంటి గురించి అడిగారు. కుక్కా పిల్లీ ఉన్నాయా, ఎలుకలున్నాయా, ఈమధ్య పొదల్లోకి, పొలాల్లోకి వెళ్లారా? చంకల్లో, నడుం దగ్గర, గజ్జల్లో నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమోనని చొక్కా విప్పించి మరీ వెతికారు. అలాంటి చెక్కు ఉంటే స్క్రబ్ టైఫస్ కావచ్చు. అది పొదల్లో ఉండే చిన్న పురుగుల లార్వా కుడితే వస్తుంది, ఫ్లీకి సంబంధం లేదు. మన దగ్గర టైఫస్ అనగానే అందరూ దాన్నే అనుకుంటారు. ఎలుకల ఫ్లీల వల్ల వచ్చేది ఇంకొకటి ఉంది, మ్యూరిన్ టైఫస్. చెక్కు కనిపించలేదు. ఎలుకల గది సంగతి విన్నాక దాన్నే అనుమానించి, వెయిల్-ఫెలిక్స్ అనే రక్త పరీక్ష రాసి, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. పరీక్షలో కూడా ఆ వైపే సూచించే అంకె వచ్చింది. అది నూటికి నూరు శాతం నిర్ధారణ చేసే పరీక్ష కాదనీ, మందుకి జ్వరం తగ్గిన తీరు కూడా కలిపి చూడాలనీ ఆయనే చెప్పారు. అత్తయ్య మాత్రం ఇప్పటికీ చుట్టాలకి ఫోన్లో “మావాడికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది” అనే చెబుతుంది. ఆ రెండింటికీ సంబంధమే లేదు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చేది.

ఆ డాక్టరు చెప్పినదాంట్లో నాకు కొత్తగా తెలిసింది ఒకటుంది. ఇందులో కాటు కన్నా గోకుడే ఎక్కువ ప్రమాదం. ఫ్లీ రక్తం తాగుతూనే చర్మం మీద మలం వదులుతుంది. క్రిములు అందులో ఉంటాయి. మనం గోకినప్పుడు ఆ మలాన్ని మనమే గాయంలోకి రుద్దుకుంటాం. పిల్లి గీరితే వచ్చే జ్వరం సంగతీ ఇంతే. ఫ్లీ మలం పిల్లి గోళ్లలో చేరుతుంది, ఆ గోరు గీరుకుంటే బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా లోపలికి పోతుంది, చంకలోనో మెడలోనో బిళ్లలు కడతాయి. మావాడి ముంజేతి మీద పొట్టి గీరిన గీతలు లేని రోజు లేదు కాబట్టి పిల్లల డాక్టరు వాడి చంకలు తడిమి చూశారు. ఏమీ లేదు. పుండ్లకి పూత మందు, దురదకి సెటిరిజిన్, కాలమైన్ లోషన్ ఇచ్చి, ముందు వాడి గోళ్లు కత్తిరించమన్నారు.

ఎలుకల మందు గురించి కూడా మావారి జ్వరం చూసిన డాక్టరే అడిగారు. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే దాని మీది ఫ్లీలు అక్కడ ఉండవు, వెచ్చటి ఒళ్లు ఏది దొరికితే దాని మీదికి వెళ్తాయి. అందుకే ముందు ఫ్లీలకి మందు కొట్టి ఆ తర్వాత ఎలుకల పని పట్టాలి. ప్లేగు నేర్పిన పాఠమే ఇది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైనప్పుడు అది ఎలుక నుంచి మనిషికి ఎలా పాకుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమండ్ అనే ఫ్రెంచి డాక్టరు అది ఎలుకల ఫ్లీ పనేనని ప్రయోగం చేసి చూపించాడు. చాలాకాలం ఎవరూ నమ్మలేదు. ఈ మాట ఇంట్లో చెబితే అత్తయ్యకి 1994 నాటి సూరత్ ప్లేగు గుర్తొచ్చింది. అప్పుడు జనం ముఖాలకి గుడ్డలు కట్టుకుని రైళ్లెక్కడం, టెట్రాసైక్లిన్ మాత్రల కోసం మందుల షాపుల దగ్గర ఎగబడటం ఆవిడ టీవీలో చూసింది. ఇక మాకు ప్లేగు వస్తుందని పట్టుకుంది. అది విశాఖలో ఇప్పుడు లేదనీ, ఉన్నా యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుందనీ నచ్చజెప్పడానికి మావారి జ్వరం కన్నా ఎక్కువ టెన్షన్ పడ్డాం.

ఇంటి పని మొదలుపెట్టాం. పక్కబట్టలు, జిమ్మీ గోనెపట్టా, సోఫా కవర్లు మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయడం. కొబ్బరి పీచు డోర్‌మ్యాట్లు పారేశాం, వాటిలోంచి లార్వాలు ఎలాగూ పోవు. మా చెల్లెలి దగ్గర వ్యాక్యూమ్ క్లీనర్ తెచ్చి బండల సందులు, గోడ అంచులు, మంచాల కింద రోజూ లాగి, ఆ దుమ్ము సంచీ అప్పటికప్పుడు కవర్లో మూటగట్టి బయట పడేసేవాళ్లం. పెరట్లో రాలిన ఆకులు ఊడ్పించాం, రేకుల గది పైన రెండు రేకులు తీయించి ఎండ పడేలా చేశాం.

పెస్ట్ కంట్రోల్ వాళ్లలో మొదట వచ్చినతను బొద్దింకల మందు తప్ప వేరే ఏదీ తేలేదు. ఫ్లీలకి పెద్దవాటిని చంపే మందుతో పాటు గుడ్లు, లార్వాలు ఎదగకుండా ఆపే మందు కూడా కలవాలి. పైరిప్రాక్సిఫెన్ అలాంటిది. దాని పేరు వెట్ కాగితం మీద రాసిచ్చారు. అది తెలిసిన వేరే మనిషిని పట్టుకుని కొట్టించాం. నేల పూర్తిగా ఆరేదాకా జిమ్మీ, పొట్టి మా చెల్లెలింట్లో ఉన్నాయి.

మందు కొట్టిన వారానికి ఫ్లీలు మళ్లీ కనిపించాయి. డబ్బులు దండగయ్యాయని మావారు చిరాకుపడ్డారు. ఇలా జరుగుతుందని వెట్ ముందే చెప్పి ఉండకపోతే నేనూ అలాగే అనుకునేదాన్ని. అప్పటికే గూళ్లలో ఉన్న ప్యూపాలు ఒక్కొక్కటిగా బయటికొస్తున్నాయి, అంతే. అవి రావడమే మంచిది, వస్తేనే కదా నేల మీది మందు తగిలేది, లేదా జిమ్మీ ఒంటి మీదికెక్కి చచ్చేది. అందుకే ఇంట్లో బాగా తిరగమన్నారు, వ్యాక్యూమ్ ఆపొద్దన్నారు, జిమ్మీ మాత్ర కనీసం మూడు నెలలు వరుసగా వేయమన్నారు. రాత్రిళ్లు వెడల్పాటి పళ్లెంలో సబ్బు నీళ్లు పోసి, పైన చిన్న లైటు పెట్టేవాళ్లం. పొద్దున్నే అందులో ఎన్ని పడ్డాయో చూడటం మావాడికి ఆటైపోయింది. మెల్లమెల్లగా పళ్లెం ఖాళీగా ఉండటం మొదలైంది. జిమ్మీ నడుం మీద నూగులా కొత్త జుట్టు వచ్చింది.

ఈలోగా మేడ మీద వాళ్ల పామరేనియన్ గోక్కోవడం మొదలెట్టింది. మెట్లు ఒకటే, జిమ్మీ అది పడుకున్న చోటే పడుకుంటుంది. పైనున్న ఆంటీ గారికి చెబితే “మా బంటీకి పేలా? వారానికోసారి షాంపూ వేస్తాం కదమ్మా” అని నొచ్చుకున్నారు. వాదించకుండా పేలదువ్వెన, తడిపిన తెల్ల టిష్యూ పట్టుకెళ్లి మెట్ల మీదే కూర్చుని బంటీ తోక దగ్గర నాలుగు సార్లు దువ్వాను. టిష్యూ మీద నలుసుల చుట్టూ ఎర్రగా పాకేసరికి ఆవిడే వెట్ నంబరు అడిగారు. ఇప్పుడు రెండిళ్లలోనూ ఒకటో తారీఖునే మందు. పొట్టి కూడా బరువు పెరిగింది కాబట్టి దానికి పిల్లుల చుక్కల మందు అదే రోజు పడుతోంది.